మూడు దాటదని సాక్ష్యం చెప్పిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతులు చాలానే ఉండేవి గానీ, తెలియదన్న సంగతి మాత్రం అసలే తెలిసేది కాదు. డిగ్రీ చివరి సంవత్సరం. నెల్లూరులో కాలేజీ, మైపాడు దారిలో మా ఊరు, ఊరికీ సముద్రానికీ నడుమ మా రొయ్యల గుంటలు. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం దిగి గుంటల గట్టు మీద నాన్న వెనకాలే నడుస్తూ ఆయన చెప్పేదానికి ఊకొట్టడం, మనసులో మాత్రం లెక్కలు చేసుకోవడం, ఇంతే నా జీవితం. లెక్కలంటే ఎంత పిచ్చో అంత పొగరు కూడా ఉండేది. (పిచ్చి ఇప్పటికీ ఉంది. పొగరును మాత్రం నా దగ్గర చదువుకునే పిల్లలు ఏటా కొంచెం కొంచెం కోసుకుపోయారు.) నాకప్పుడు ఒక గట్టి నమ్మకం కూడా ఉండేది. లోకంలో ఏదైనా సరే, అందరికీ సమానంగా పంచినప్పుడే అది అన్నిటికంటే బాగుంటుందని. ఈ నమ్మకం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, మా నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

మా నాన్నవాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. నాన్న నడిమివాడు. గుంట పట్టినప్పుడల్లా ఇంటి వాడకానికని తీసిన రొయ్యల్ని నాయనమ్మ గోనెపట్టా మీద మూడు కుప్పలు పోసేది. ఒక కుప్పలోంచి ఒక రొయ్య తీసి ఇంకో కుప్పలో వేసి, తల పక్కకి వంచి చూసి, మళ్లీ దాన్ని తీసి మొదటి కుప్పలోనే వేసేది. ఆ తరవాత మనవళ్లలో ఒకడిని అటు తిరిగి నిలబడమనేది. "ఇది ఎవరిది?" అని కుప్ప మీద చెయ్యి పెట్టి అడిగితే, వాడు చూడకుండా పెదనాన్న పేరో, నాన్న పేరో, బాబాయి పేరో చెప్పాలి. ఎవరికి ఏది వచ్చినా పేచీ ఉండేది కాదు. మూడు కుప్పలూ ఒకటే అయినప్పుడు పేచీ ఎందుకొస్తుంది? ఇరవయ్యేళ్లు ఆ కుప్పల ముందు కూర్చున్నవాడికి, మూడు వాటాలు అనగానే మూడూ సమానమే అనిపించడంలో వింత లేదు.

ఆ సంవత్సరం ఎండాకాలంలో చెన్నైలో నెల రోజుల లెక్కల శిబిరం ఉందనీ, మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామనీ మా మేడంగారు క్లాసులో చెప్పారు. ఆవిడ మితభాషి. కోపం వస్తే చాక్‌పీసును బల్ల మీద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకునేవారు, అంతే. ఎవరిని పంపాలో తేల్చడానికి పరీక్ష పెట్టకుండా బోర్డు మీద ఒకే లెక్క రాశారు. మూడు సంఖ్యలు తీసుకోండి. ఏదీ సున్నాకు తగ్గకూడదు, మూడూ కలిపితే మూడు కావాలి. మొదటిదాని వర్గాన్ని రెండోదానితో, రెండోదాని వర్గాన్ని మూడోదానితో, మూడోదాని వర్గాన్ని మళ్లీ మొదటిదానితో గుణించి, మూడింటినీ కలపండి. అలా వచ్చేది ఎంతకు మించదు? ఆ హద్దు చెప్పి, మించదని నిరూపించండి. సోమవారానికి ఎవరి హద్దు అందరికంటే చిన్నదో వాళ్లు చెన్నై పోతారు.

"హద్దు చెప్పడం ఏం గొప్ప కాదు," అన్నారు మేడంగారు. "నెల్లూరి నుంచి మైపాడు వెయ్యి కిలోమీటర్లకు మించదు అంటే తప్పా? తప్పు కాదు. దాన్ని నమ్ముకుని ఎవరైనా చద్ది మూట కట్టుకుంటారా? హద్దుకు పదును పెట్టండి. ఇంక పెట్టడానికి లేదు అనే దాకా పెట్టండి."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే ఇంటికి వచ్చి కూడా పదును పదును అనుకుంటూ తిరిగేవాణ్ణి. మా అమ్మ కత్తిపీట వైపు చూసి, "నేను అడిగినప్పుడు దానికి పెట్టవు గానీ, పొద్దస్తమానం దేనికిరా పెడుతుండావు పదును?" అంది.

పదును నాకు అవసరం కూడా. నాన్న అప్పటికే ఒక మాట అనేశాడు. ఆయనకు మోకాళ్లు పట్టేస్తున్నాయి, గట్టు మీద తిరగలేకపోతున్నాడు. "డిగ్రీ అయినాక గుంటల కాడికి వచ్చెయ్. చదివింది చాల్లే," అన్నాడు. అమ్మ నా వైపు నిలబడి రెండు పూటలు మౌనవ్రతం పడితే కొంచెం మెత్తబడి, "సరే, ఆ మెడ్రాసు వాళ్లు వీణ్ణి పిలిస్తే ఎమ్మెస్సీకి పంపిస్తా. పిలవకపోతే ఈ ఎండాకాలం నుంచి మేత వీడే చూసుకోవాల," అని తీర్పు చెప్పాడు. అంటే నా బతుకు లెక్కలదా రొయ్యలదా అన్నది ఆ సోమవారం తేలాలి. రొయ్యల మీద నాకు పగేమీ లేదు. కానీ ఆ వారం రోజులూ అవి నీళ్లలోంచి నా వైపే చూస్తున్నట్టు ఉండేది.

మొదట్లో క్లాసంతా కలిసి ఇరవై ఏడు అన్నారు. అది మైపాడు వెయ్యి కిలోమీటర్ల లాంటిదే. మర్నాడు నేను తొమ్మిది తెచ్చాను. నా చుట్టూ నలుగురు చేరారు, నేను కాలర్ సర్దుకున్నాను. ఆ మర్నాడు కావలి అక్క అయిదు పాయింట్ నాలుగు తెచ్చింది. రోజూ కావలి నుంచి రైల్లో వచ్చేది కాబట్టి అందరికీ ఆమె కావలి అక్క. నడుమ ఒక సంవత్సరం చదువు ఆపి మళ్లీ చేరింది, అందుకని మాకంటే పెద్ద. రైల్లో నిలబడి చేసిందట. ఒక్క వంక పెట్టడానికి వీల్లేకుండా పది గీతల్లో ముగించింది. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, "బాగానే ఉందక్కా," అన్నాను. ఈసారి కాలర్ జోలికి పోలేదు. ఆమె నవ్వి, "ఇంకా దిగుతుందిలే తమ్ముడూ. నాకే చేత కావడం లేదు," అంది. తన లెక్క గురించి తనే అలా అనుకునే మనిషిని నేను అంతవరకు చూడలేదు, అదేదో బలహీనత కాబోలు అనుకున్నాను.

మూడు నాకు బస్సులో దొరికింది. మూడు సంఖ్యలూ ఒకటి, ఒకటి, ఒకటి అనుకుంటే మొత్తం మూడు వస్తుంది. మొత్తం ఒక్కదానికే ఇచ్చి మిగతా రెండిటికీ సున్నా పెడితే ఏమీ రాదు, అంతా సున్నాయే. ఒకదానికి రెండు ఇచ్చి మిగతా రెంటికీ చెరో అర పెట్టి చూశాను, రెండున్నర చిల్లర వచ్చింది. ఇంకేం కావాలి? సమానంగా పంచితే మూడు, సమానం తప్పినకొద్దీ తగ్గుతుంది. నాయనమ్మ కుప్పలే! ఇంటికి వచ్చి రెండు పేజీల నిరూపణ రాశాను. అందులో నడుమ ఒకచోట "సంఖ్యలు మూడూ సమానమైనప్పుడే ఇది గరిష్ఠమని స్పష్టమే" అని ఒక వాక్యం ఉంది. (నా అనుభవంలో లెక్కల్లో "స్పష్టమే" అని రాసిన చోట కాలు పెట్టేముందు కర్రతో పొడిచి చూసుకోవాలి. గుంట గట్టు మీద గడ్డి కప్పిన బురద లాంటి మాట అది.)

"అయిపోయిందా నీ లెక్క?" అంది అమ్మ, నా మొహం చూసి.

"అయిపోయిందిమా. మూడు. ఇంక దీన్ని తగ్గించడం ఎవరి వల్లా కాదు."

ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మూడు కంటే తగ్గించడం ఎవరి వల్లా కాదు, ఇప్పటికీ కాదు. ఇబ్బంది అంతా పెరిగే వైపు ఉందని నాకు గానీ, మా అమ్మకు గానీ తెలియదు. ఆమె చేతులు కడుక్కుని, కొంగు తల మీద కప్పుకుని, అక్కడికక్కడే ఒక చిన్న ప్రార్థన చేసి, తిన్నగా పాస్టరయ్యగారి ఇంటికి పోయింది. మా సంఘంలో ఎవరికి మేలు జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మామూలే. ఉద్యోగం వస్తే, జ్వరం తగ్గితే, గుంట పట్టుబడి బాగుంటే కూడిక. లెక్కల్లో ఒక అసమానత నిరూపణ అయినందుకు కూడిక మాత్రం మా జిల్లాలో అదే మొదటిదీ ఆఖరిదీ అయి ఉంటుంది. సోమవారం తేలనివ్వమ్మా అని నేను అడ్డుపడకపోలేదు. "ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగుల్లో తొమ్మండుగురు అట్నే రేపు చూద్దాంలే అనుకొని స్తోత్రం చెప్పకుండా పోయినారు," అని వాక్యం ఎత్తి నా నోరు మూయించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మా వాకిట్లో షామియానా కింద జనం కూర్చున్నారు. చిల్లకూరు నుంచి మేనత్తవాళ్లు కూడా వచ్చారు. అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "ఏం లెక్క నాయనా అది? ప్రార్థనలో పెట్టాల గదా, తెలియకుండా పెడితే బాగుండదు," అని అడిగారు. ఆయన ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. నేను వివరంగా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విని, తల ఊపి, కూడిక మొదలయ్యాక తన గంభీరమైన గొంతుతో ప్రార్థించారు. "తండ్రీ, సముద్రానికి ఇసక హద్దు పెట్టినవాడివి నువ్వే. ఈ మూడు అంకెలు అటు తిరిగినా ఇటు తిరిగినా మూడును దాటకుండా హద్దు పెట్టినావు. ఆ హద్దు ఈ బిడ్డకు చూపించినావు. నీకు స్తోత్రం." జనమంతా స్తోత్రం అన్నారు. మేనత్త రెండుసార్లు అన్నది.

తరవాత నేను లేచి, నాకు జరిగిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు గానీ "మూడు దాటదు" అని మూడు నాలుగుసార్లు అన్నట్టు గుర్తు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు, అది దాటదన్న భరోసా దొరికినందుకు నిజంగానే ఊరట చెందినట్టు తల ఆడించారు. నేను కూర్చోగానే, ఎన్నడూ సాక్ష్యానికి లేవని నాన్న లేచాడు. "నాకు మాట్లాడను రాదు. వీడి లెక్క నిలిస్తే వీణ్ణి చదివిస్తానని సంఘం ముందర చెప్తుండా. అంతే," అని కూర్చున్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. అంత సంతోషం నాకు ఆ తరవాత డాక్టరేటు పట్టా అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

భోజనాలకు మూడు బంతులు వేశారు. చేపల పులుసు ముందు రోజే కాచి ఉంచారు, మాగిన పులుసు వాసన వీధి చివరికి కొడుతోంది. మొదటి బంతిలో సంఘ పెద్దలూ చుట్టాలూ. వడ్డించేది మా బాబాయి, చెయ్యి పెద్దది. రెండో బంతిలో మిగతావాళ్లు. మూడో బంతిలో ఇంటివాళ్లం. అన్నం పెట్టించుకుని, నడుమ గుంట చేసుకుని కూర్చున్నాం. అమ్మ పులుసు దబరా తెచ్చి, మాకు కనపడేలా పక్కకి వంచింది. అడుగున ఒక కరివేపాకు రెబ్బ అతుక్కుని ఉంది.

"మొదటి బంతికి రెండింతలు పోసేసినాడు మీ బాబాయి," అంది అమ్మ. "రెండో బంతికి సరిగ్గా వాళ్లది వాళ్లకి పడింది. మనకేం లేదు. చారు పోసుకోండి."

రెండు. ఒకటి. సున్నా.

నేను దబరా వంక చూస్తూ ఉండిపోయాను. మొదటిది రెండు, దాని వర్గం నాలుగు. దాన్ని రెండోదానితో, అంటే ఒకటితో గుణిస్తే నాలుగు. మిగతా రెండు ముక్కల్లోనూ సున్నా ఉంది, అవి పోయాయి. మొత్తం నాలుగు. నాలుగు మూడు కంటే ఎక్కువ. ఒకసారి వేళ్ల మీద కూడా చూసుకున్నాను. ఎక్కువే. ఎవరికో ఒకరికి ఏమీ ఇవ్వకుండా మిగతా ఇద్దరికీ హెచ్చుతగ్గులుగా పంచొచ్చన్న ఆలోచనే ఆ వారమంతా నా బుర్రకు తట్టలేదు. మా నాయనమ్మ ఏనాడూ ఖాళీ కుప్ప పెట్టి "ఇది ఎవరిది?" అని అడగలేదు మరి.

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. "అయిపోయింది," అన్నాను.

"అయిపోయిందని చెప్తూనే ఉండా గదరా," అంది అమ్మ.

"అది కాదుమా. నా లెక్క పోయింది."

పులుసు దొరకలేదని అలిగానని మా పెద్దమ్మ అనుకుంది. "పాపం పిలగాడు, వాడి కూడికకి వాడికే ముక్క లేకపాయె. పక్కింట్లో ఏమన్నా ఉండాదేమో అడగండి," అని మనిషిని పంపించింది కూడా. నేను వాకిట్లో స్కూటర్ తీస్తున్న అయ్యగారి దగ్గరకు పరిగెత్తాను. ఆ నాలుగడుగుల్లోనే సోమవారం, నాన్న మాట, గుంటలు, మేత, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యగారూ, ఆ లెక్క తప్పు. మూడు దాటుతుంది. నాలుగు వస్తుండాది."

ఆయన స్కూటర్ స్టాండ్ వేసి, నన్నూ నా ఎంగిలి చేతినీ చూశారు. "ప్రార్థన అయిపోయింది గదా నాయనా," అన్నారు.

"అందుకే అయ్యగారూ. ఆ స్తోత్రం..."

"చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకునే పద్ధతి మనకి లేదు," అన్నారాయన, చాలా నిదానంగా. "నా సర్వీసులో ఎవరూ అడగలేదు. దాన్ని అట్నే ఉండనీ. నువ్వే లెక్కని దాని కాడికి తీసకరా."

నాన్న అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. ఆయన ఏమంటాడో అని నేను వెనక్కి తిరగలేదు. ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి, లోపలికి పోయి చారన్నం తిన్నాడు.

సోమవారం నేను మేడంగారికి ఒకే ఒక్క పేజీ ఇచ్చాను. మూడు కుదరదు, రెండు, ఒకటి, సున్నాల దగ్గర నాలుగు వస్తుంది, కాబట్టి హద్దు నాలుగుకు తగ్గదు. నాలుగును ఎప్పటికీ దాటదనే అనుకుంటున్నాను, కానీ నిరూపించలేను. రాయాల్సింది అంతే. "స్పష్టమే" అన్న మాట ఎక్కడా లేదు. మేడంగారు చదివి, చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. కొంగుతో చేతులు తుడుచుకుంటారేమో అని చూశాను. తుడుచుకోలేదు. "ఇది బాగుంది. కానీ నేను అడిగింది నిరూపించిన హద్దు," అని కావలి అక్క పేరు చెప్పారు. న్యాయమే. అయిదు పాయింట్ నాలుగు నిలబడింది, నా మూడు పడిపోయింది, నా నాలుగు ఇంకా నడక నేర్వలేదు. బస్టాండ్ దాకా అక్క నాతో నడిచి వచ్చి, "నువ్వు చెప్పిన నాలుగే నిజం తమ్ముడూ. నాకు కడుపులో తెలుస్తుండాది," అంది. ఓదార్పుకు అనలేదు, ఆమెకు అలా అబద్ధమాడడం రాదు. అయినా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఇందుకూరుపేట దాకా ఏడ్చాను.

ఇంటికి పోయి నాన్నకు చెప్పాను. గట్టు మీద ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, మేత గంప నా చేతికి ఇచ్చాడు. అయిపోయింది అనుకున్నాను.

"ఈ ఎండాకాలం మేత నువ్వే చూడు, నాకు కాళ్లు బాగలేవు," అన్నాడు. "జూన్లో ఎమ్మెస్సీకి కట్టు."

"పిలవలేదు గదా నాన్నా. లెక్క నిలబడలేదు గదా."

"సంఘం ముందర కూర్చోబెట్టి నీ లెక్కకి స్తోత్రం చెప్పించినాం," అన్నాడు నాన్న, గుంట వైపు చూస్తూ. "ఇప్పుడు నువ్వు చదవడం మానేస్తే అది దేవుడి కాడ అబద్ధం అయిపోతుంది. అది నిజం అయ్యేదాకా చదవాల్సిందే. వేరే దారి లేదు."

ఇంత గట్టి తర్కాన్ని నేను ఆ తరవాత ఏ పుస్తకంలోనూ చూడలేదు. గంప పట్టుకుని గట్టంతా తిరిగాను, మేత ఎక్కడ చల్లానో నాకే తెలియదు.

నాలుగుకు నిరూపణ ఆ ఎండాకాలమే, గుంటల దగ్గరే దొరికింది. పెద్దదాన్నీ చిన్నదాన్నీ పట్టుకుని పెనుగులాడడం మానేసి, విలువలో నడిమిగా ఉన్న సంఖ్యను పక్కకు తీసి పెట్టుకుంటే మిగతా రెండూ కలిసిపోతాయి, అయిదారు గీతల్లో నాలుగు దగ్గర ఆగిపోతుంది. వాటాలు ఎంత అడ్డగోలుగా పడి నాలుగు దాకా పోయినా, నడిమిదానికి మాత్రం సరిగ్గా ఒకటే వస్తుంది, దాని న్యాయమైన వాటా. అది తేలినప్పుడు అవతలి గట్టు మీద మా నడిమివాడు మోకాలు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. పిలిచి చెప్పాను. "నాలుగేనా? ఇంక మారదు గదా?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. తరవాత తెలిసింది, ఈ లెక్కను నాకంటే ముందే ఎందరో చేసేశారని. చెన్నైలో అక్కకు కూడా మొదటి వారమే చెప్పేశారట. అయినా నాకేం బాధ అనిపించలేదు.

ఇప్పుడు నెల్లూరులోనే ఒక కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఏటా ఈ లెక్క బోర్డు మీద రాస్తాను. ఏటా ఎవరో ఒకరు, కాలర్ సర్దుకుంటూ, మూడు తెస్తారు. వాళ్ల కాగితంలో "స్పష్టమే" ఎక్కడుందో నేను వెతుక్కోనక్కర్లేదు, చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. ఆ పిల్లల్ని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. ముగ్గురికీ సమానంగా పంచడమే అన్నిటికంటే ఎక్కువ ఇస్తుందని నమ్మినవాడు నాలో ఒకడుండేవాడు. వాడి లెక్క తప్పే గానీ, వాడంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇక మా అమ్మ, ఆ ఆదివారం నుంచి ఎన్ని బంతులు లేచినా సరే, మొదటి బంతికి వడ్డించకముందే ఆఖరి బంతికని చిన్న గిన్నెలో పులుసు తీసి మూత పెడుతుంది. అంటే మా ఇంట్లో సున్నా అన్నది లేకుండా పోయింది. లెక్క ప్రకారం ఇంక మేం నాలుగుకు ఎంత దగ్గరగానైనా పోవచ్చు గానీ, దాన్ని అందుకోలేం. ఆమెకు ఈ సంగతి చెబితే, "అందుకోకపోతే పోనీ, ముందు తిను," అంది.

అయ్యగారు రిటైరయ్యారు. మొన్న పండక్కి చర్చి మెట్ల మీద కనపడితే వందనాలు చెప్పాను. చూపు తగ్గింది గానీ గొంతు పట్టి గుర్తుపట్టి, "ఏం నాయనా, ఆ లెక్క నిలిచిందా?" అని అడిగారు.

"నిలిచింది అయ్యగారూ. మీరు ప్రార్థించినదానికంటే ఒకటి ఎక్కువయింది, అంతే."

ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక మెట్టు దిగారు.

"అయితే ఆ ఒక్కటికీ స్తోత్రం చెప్పలేదు గదా మనం," అని, అక్కడే ఆగి కళ్లు మూసుకున్నారు.